నాన్న తెల్ల అంగీ, సెక్రటరీ గారి అభ్యంతరం

మా నాన్న చేసిన పెళ్లిళ్లకి లెక్క లేదు. పూర్తయినవి మాత్రం మూడో నాలుగో. తెల్ల నిలువుటంగీ వేసుకుని, నల్లట్ట పుస్తకం చేతపట్టుకుని, "ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి" అని నాన్న అనడం ఆలస్యం, చర్చి తలుపులు ధడేల్మని తెరుచుకుని హీరో వచ్చేసేవాడు. పెళ్లికూతురు పూలగుత్తి పారేసి పరిగెత్తేది. విలన్ కొడుకు సూటులో నిలబడి పళ్లు నూరేవాడు. నాన్న పైకప్పు వైపు చూసి "ఓ గాడ్" అనేవాడు. కట్ అనేవాళ్లు. టీ వచ్చేది.

నిజానికి ఆయన నటుడు కాదు. ఫిల్మ్ నగర్‌లో ఒక సినిమా ఆఫీసులో టైపిస్టు. సినిమా వాళ్లు మూటాముల్లె సర్దుకుని మద్రాసు నుంచి ఒక్కొక్కరే ఇటు వచ్చేస్తున్న రోజులవి. పొద్దున లేస్తే కొండరాళ్లు పగలగొట్టే చప్పుడు, దాని వెనకే లారీల చప్పుడు. మేం కృష్ణానగర్‌లో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్లం. నాన్న సైకిలు తొక్కుకుంటూ బయల్దేరి, ఎత్తు రాగానే దిగి తోసుకుంటూ ఆఫీసుకి పోయేవాడు.

మాది గుంటూరు వైపు ప్రొటెస్టెంటు కుటుంబం. పాస్టరు కావాలని నాన్నకి చిన్నప్పటినుంచీ ఒకటే కోరిక. ఆ చదువులో చేరి ఏడాది చదివాడు కూడా. ఇంతలో తాతయ్య పోయాడు. వెనక ముగ్గురు తమ్ముళ్లు, ఒక చెల్లెలు. చదువు మానేసి టైపు నేర్చుకున్నాడు. తమ్ముళ్లని చదివించాడు, చెల్లెలి పెళ్లి చేశాడు, తర్వాత మమ్మల్ని పెంచాడు. పాస్టరు కాలేకపోయానని ఒక్కనాడూ నోరు తెరిచి అనలేదు. కాకపోతే ఆదివారం గుడిలో పాస్టరు గారు ప్రసంగం చేస్తుంటే, నాన్న పెదాలు కూడా ఆయనతో పాటు కదులుతుండేవి. పక్కన కూర్చున్న నాకు సిగ్గేసేది.

ఇంటి ప్రార్థన దగ్గర మాత్రం ఆ కోరిక తీర్చుకునేవాడు. రోజూ సాయంత్రం చాప వేసి ఒక పాట, ఒక అధ్యాయం, ఆ తర్వాత ప్రార్థన. ఆ ప్రార్థనకి ఎల్లలు లేవు. హీరో గారి చీలమండ నొప్పి దగ్గర మొదలై, ఔట్‌డోర్‌లో వాన ఆగడం, మేకప్ మాస్టారి ఇంట్లో గొడవ సర్దుకోవడం, ఇంటి ఓనరు బోరులో నీళ్లు పడటం దాకా పోయేది. ఫిల్మ్ నగర్‌లో ఎవరింట్లో ఏం జరుగుతోందో మాకు సినిమా పత్రికల కంటే ముందే దేవుడి ద్వారా తెలిసిపోయేది. "ప్రభువుకి అన్నీ తెలుసు కదండీ, మీరు మళ్లీ చెప్పాలా, పప్పుచారు చల్లారిపోతోంది" అని అమ్మ కళ్లు మూసుకునే గొణిగేది. నాన్న ఆ గొణుగుడు కోసం కూడా ఒక వాక్యం ప్రార్థించి ఆమెన్ అనేవాడు.

ఇక వేషం సంగతి. ఒకరోజు షూటింగులో ఫాదర్ వేషం వెయ్యాల్సిన ఆయన మద్రాసు నుంచి రాలేదు. సెట్టంతా సిద్ధం. ఏదో కాగితం మీద సంతకం కోసం నాన్న అక్కడికి వెళ్లాడు. గుండ్రటి మొహం, నున్నటి గడ్డం, నలభైకే పండిపోయిన జుట్టు. డైరెక్టరు ఆయన్ని ఎగాదిగా చూసి, "ఈయన మొహం చూస్తేనే చేసిన పాపాలన్నీ చెప్పేసుకోవాలనిపిస్తోందయ్యా, అంగీ తొడగండి" అన్నాడట. అంతే. ఆ రోజు నుంచి తెలుగు సినిమా క్రైస్తవులందరికీ మా నాన్నే ఫాదరు.

సినిమా క్రైస్తవులు వేరే జాతి లెండి. వాళ్లింట్లో ఆడవాళ్లు మోకాళ్ల పైకి గౌను వేసుకుంటారు. పొద్దున్నే టిఫినుతో పాటు వైను తాగుతారు. తెలుగు సరిగ్గా రాదు. నాన్న సుమతీ శతకం వెనక నుంచి ముందుకి చెప్పగలడు. అలాంటి మనిషి చేత "నువ్ మంచి పని చేస్తివి మై సన్" అనిపించేవాళ్లు. "మా ఊళ్లో పాస్టర్లు ఇలా మాట్లాడరండీ" అని నాన్న అంటే, "మీ ఊళ్లో సంగతి మాకెందుకండీ, సినిమాలో ఇలాగే మాట్లాడతారు" అనేవాడు అసిస్టెంటు డైరెక్టరు. నుదుటి మీద, గుండె మీద, భుజాల మీద సిలువ గుర్తు వేసుకోమనేవాళ్లు. మేం వేసుకోమండీ, అది కేథలిక్కులండీ అని చెబితే, ప్రేక్షకులకి ఆ తేడా తెలీదులెండి అనేవాళ్లు. అన్నిటికీ తలొంచాడు. ఒక్క దగ్గర మాత్రం ససేమిరా అన్నాడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున మీరు భార్యాభర్తలు అనే మాట ఉత్తుత్తి పెళ్లికి అననన్నాడు. దేవుడి పేరు వ్యర్థంగా పలకడం ఆయన వల్ల కాదు. చివరికి బేరం కుదిరింది. అక్కడికొచ్చేసరికి నాన్న భక్తిగా కళ్లు మూసుకుని ఒకటీ రెండూ మూడూ నాలుగూ అని పెదాలు కదిపేవాడు. డబ్బింగులో ఇంకెవరో గొంతు అతికించేవాళ్లు.

అయినా ఆ అంగీ అంటే ఆయనకి ప్రాణం. కంపెనీ చాకలి గంజి ఎక్కువ పెడుతున్నాడని ఇంటికి తెచ్చి తనే ఉతికి ఇస్త్రీ చేసుకునేవాడు. అమ్మ చెయ్యి కూడా వెయ్యనిచ్చేవాడు కాదు. అది ఒంటి మీద ఉంటే నిటారుగా నడిచేవాడు. షాటుకీ షాటుకీ మధ్య జూనియర్ ఆర్టిస్టులు ఆయన చుట్టూ చేరేవాళ్లు. ఒకసారి నేను సెట్టు చూడ్డానికి వెళ్లినప్పుడు, గుంపులో నిలబడే వేషాలు వేసే ఒక పెద్దావిడ వచ్చి, "ఫాదర్ సాబ్, మా పోరడు మూడు దినాల సంది జ్వరంతోని పండుకున్నడు, జర దువా చెయ్యుండ్రి" అంది. "నేను నిజం ఫాదర్ని కాదమ్మా, టైపిస్టుని" అన్నాడు నాన్న. "గది మాకు తెల్వదా సార్, చెయ్యుండ్రి" అందావిడ. నాన్న ఆమె తల మీద చెయ్యిపెట్టి నిజం ప్రార్థనే చేశాడు. లైట్లవాళ్లు కూడా తలపాగాలు తీసి నిలబడ్డారు. ఆ రోజు ఇంటికొస్తూ దారంతా ఈల వేసుకుంటూ వచ్చాడు. మా నాన్నకి ఈల వేయడం వచ్చని నాకు అప్పుడే తెలిసింది.

మా గుడి బోరబండ వైపు ఉండేది. అక్కడ సినిమా అంటే పాపం. నెలకొకసారైనా దాని మీద ప్రసంగం ఉండేది. ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర నాన్నని పట్టుకుని పాస్టరు గారు, "బ్రదర్, ఆ హీరో నిజంగా అంత పొడుగుంటాడా?" అని మెల్లిగా అడిగేవాడు. స్త్రీల సమాజం వాళ్లకి హీరోయిన్ రంగు సంగతి కావాలి. చెప్పేవి శ్రీరంగనీతులు అని అమ్మ నా చెవిలో అనేది.

వాళ్లందరిలోకీ సంఘం సెక్రటరీ గారు ముందుండేవారు. ఏదో ప్రభుత్వ ఆఫీసులో సూపరింటెండెంటు. ఆరడుగుల మనిషి, గంటలాంటి గొంతు. ఆదివారం గుడిలో ప్రకటనలు ఆయనే చదివేవారు. వాన పడుతుందని చెప్పినా తీర్పు చెప్పినట్టుండేది. ఒకనాడు ఆయనే మా ఇంటికొచ్చి, "బ్రదర్, చర్చి సీను ఏదైనా ఉంటే చెప్పండి. ఊరికే చూడ్డానికే. పిల్లలు సరదా పడుతున్నారు" అన్నారు. పిల్లల మీద పెట్టి అడగడం మన పెద్దలకి వెన్నతో పెట్టిన విద్య. నాన్నకి కాదనడం రాదు. పైగా ఆ వారమే చర్చి పెళ్లి సీనుంది, కూర్చోడానికి మనుషులు తక్కువయ్యారు. "ముందు వరసలో కూర్చోపెడతాను, తప్పకుండా పడతారు" అన్నాడు.

సెక్రటరీ గారు సూటు వేసుకుని, వాళ్లావిడ పెళ్లినాటి పట్టుచీర కట్టుకుని, పిల్లలు బిగుతు బూట్లు తొడుక్కుని ఎండాకాలంలో పొద్దుటినుంచి సాయంత్రం దాకా లైట్ల కింద కూర్చున్నారు. హీరో వచ్చి పెళ్లి ఆపితే ఆయన ఏడుసార్లు ఆశ్చర్యపోయారు. డైరెక్టరు మెచ్చుకున్నాడని సంఘంలో అందరికీ చెప్పారు. సినిమా విడుదలైన మొదటి ఆదివారం, ఆరాధన కూడా ఎగ్గొట్టి, ఊరి నుంచి వచ్చిన బావమరదులూ తోడల్లుళ్లతో సహా హాల్లో రెండు వరసలు నింపేశారు. మేమూ వెళ్లాం, వెనక కూర్చున్నాం. పెళ్లి సీను వచ్చింది. హీరో వచ్చాడు. పెళ్లికూతురు తిరిగింది. తెర మూలన రెండు బంగారు గాజులతో ఒక మోచెయ్యి కనపడింది. అది సెక్రటరీ గారి భార్యది. మిగతా కుటుంబమంతా ఎడిటింగులో పోయింది. రెండు వరసల చుట్టాలు "ఏడీ, ఎక్కడా?" అని ఒకరినొకరు అడుక్కుంటూనే ఉన్నారు, సీను అయిపోయింది.

ఆ మర్నాటి నుంచి సెక్రటరీ గారికి సినిమా అంటే నిజంగానే పాపమైపోయింది. నాన్న వందనాలు చెబితే ఆయన గోడకి చెప్పేవారు.

మరుసటి ఏడాది అక్కకి సంబంధం కుదిరింది. అబ్బాయి బాపట్ల దగ్గర స్కూలు మాస్టరు. వాళ్ల నాన్న గారు పల్లెల్లో వాక్యం చెప్పి రిటైరైన నిష్ఠ గల మనిషి. అక్కకి ఆ అబ్బాయి నచ్చాడు, పైకి చెప్పదు గానీ అద్దం ముందు ఎక్కువసేపు నిలబడేది. మాలో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు గుడిలో ప్రకటన చదవాలి. ఫలానా అమ్మాయికీ ఫలానా అబ్బాయికీ పెళ్లి, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పండి అని. మూడుసార్లూ ఎవరూ లేవకపోతేనే పెళ్లి. ఎవరూ లేవరు కూడా. అది సినిమాల్లోనే.

మొదటి ఆదివారం అయింది. రెండోదీ అయింది. మూడో ఆదివారం వియ్యాలవారు కూడా బాపట్ల నుంచి వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. పెళ్లి ప్రకటన కాబట్టి పాస్టరు గారే చదివారు. చదివి, అలవాటు ప్రకారం ఒక్క క్షణం ఆగి, పాట నంబరు చెప్పబోతున్నారు. సెక్రటరీ గారు లేచి నిలబడ్డారు.

"నాకు అభ్యంతరం ఉంది" అన్నారు.

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దైవసేవకులు మాత్రమే వేసుకోవాల్సిన అంగీని పెళ్లికూతురి తండ్రి సినిమాల్లో వేసుకుంటున్నాడు, దొంగ పెళ్లిళ్లు చేస్తున్నాడు, అలాంటి ఇంటి పెళ్లి ఈ గుడిలో ఎలా జరుగుతుంది అని ఆయన ఆ గంట గొంతుతో అడిగారు. నలభై మంది చూస్తుండగా వియ్యంకుడు గారి మొహం నల్లబడింది. నాన్న తల వంచుకుని కూర్చున్నాడు.

ఆరాధన అయ్యాక కమిటీ కూర్చుంది. వచ్చే ఆదివారం నాన్న సంఘం ముందు నిలబడి తప్పు ఒప్పుకుని, ఇక అంగీ వెయ్యనని మాట ఇచ్చి, క్షమాపణ అడగాలి. అప్పుడే మూడో ప్రకటన లెక్కలోకి వస్తుంది. "అలాగైతే మాకేం ఇబ్బంది లేదు, లేకపోతే మేం ఆలోచించుకోవాలి" అని వియ్యంకుడు గారు మర్యాదగానే చెప్పి, బోరబండలో చుట్టాలింట్లో వారం ఆగారు. శుభలేఖలు అప్పటికే పంచేశాం.

ఆ వారం మా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. అక్క మాట్లాడటమే మానేసింది. అమ్మ మాత్రం రెండు నోళ్లతో మాట్లాడింది. "గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆ మనిషి ముందు లేచాడు. ఆయన అభ్యంతరం అంగీ మీదా? మొహం పడలేదని ఏడుపు. ఆ మాట అందరి ముందూ చెప్పండి మీరు" అంది.

"ఒకరి సంగతి గుడిలో బయటపెడతామా?" అన్నాడు నాన్న.

"ఆయన మన సంగతి పెట్టలేదూ?"

"ఆయన పెట్టాడని మనమూ పెడతామా?"

నాకు ఒళ్లు మండిపోయింది. మంచితనానికి కూడా ఒక హద్దుండాలి. ఇంత చేసినవాడి కోసం ఆ రాత్రి ప్రార్థనలో నాన్న నాలుగు వాక్యాలు చెబితే, నేను ఆమెన్ అనలేదు. నాన్న కళ్లు తెరిచి నా వైపు చూసి, చాప చుట్టేశాడు.

ఆదివారం గుడి నిండిపోయింది. మామూలుగా పండగలకే వచ్చేవాళ్లు కూడా వచ్చారు. నాన్న ముందుకెళ్లి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సంఘానికి వందనాలు. అంగీ వేసుకోవడం తప్పని పెద్దలు అన్నారు. తప్పే అయ్యుంటుంది. ఇక వేసుకోను. క్షమించండి" అన్నాడు. కమిటీవాళ్లు తలలూపారు. నాన్న కూర్చోలేదు.

"కానీ దానికంటే పెద్ద తప్పు ఒకటి చేశాను. మన మీద కోపం ఉన్న సహోదరుడితో ముందు సమాధానపడమని వాక్యం చెబుతుంది. సెక్రటరీ గారిని కుటుంబంతో సహా షూటింగుకి తీసుకెళ్లింది నేను. పాపం, సూటు వేసుకుని పొద్దుటినుంచి సాయంత్రం దాకా లైట్ల కింద కూర్చున్నారు. తప్పకుండా పడతారని చెప్పింది నేనే. ఎడిటింగ్ అనేది ఒకటుంటుందని నాకు తెలుసు, అయినా చెప్పలేదు. రెండు వరసల బంధువుల ముందు ఆయన ఎంత నొచ్చుకున్నారో నేను వెనక కూర్చుని చూశాను. వాళ్లావిడ గారి మోచెయ్యి తప్ప ఏమీ రాలేదు. ఆ బాధ నా వల్లే. అన్నయ్యా, నన్ను క్షమించండి."

నాన్న కళ్లలో నిజంగా నీళ్లున్నాయి. ఆయన ప్రాణం పెట్టి అడుగుతున్నాడు. మొదట పాటల బృందం వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత స్త్రీల వైపు కొంగులు నోళ్లకి అడ్డం వెళ్లాయి. ఆ తర్వాత ఆపడం ఎవరి తరమూ కాలేదు. పాస్టరు గారు బల్ల వైపు తిరిగి ఏదో వెతుకుతున్నట్టు నిలబడ్డారు గానీ భుజాలు ఊగుతున్నాయి. వారం రోజులుగా నవ్వని వియ్యంకుడు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నేనైతే పగలబడి నవ్వాను. సెక్రటరీ గారు లేచి, "నాకు ఏ అభ్యంతరమూ లేదు" అని, పుస్తకం కూడా తీసుకోకుండా బయటికి వెళ్లిపోయారు. మూడో ప్రకటన లెక్కలోకి వచ్చింది.

ఇంటికొచ్చి అమ్మ కోడికూర వండింది. నాన్న కంచం ముందు కూర్చుని ముద్ద కలపలేదు. "క్షమించమని అడిగితే నవ్వారేంటి?" అన్నాడు. మీరు తెలిసే అన్నారనుకున్నాం అంది అమ్మ. నాన్న మొహం చూస్తే ఆయనకి ఏమీ తెలీదని అర్థమైంది. "ఆయన్ని అందరి ముందూ నవ్వులపాలు చేశాను" అన్నాడు. చేతులు కడుక్కుని సెక్రటరీ గారింటికి వెళ్లాడు. ఆయన ఇంట్లో లేరని వాళ్లావిడ చెప్పింది. ఆయన చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయట. నాన్న గంటసేపు అరుగు మీద కూర్చుని తిరిగొచ్చాడు.

అక్క పెళ్లి జరిగింది. నాన్న నడిపించుకుంటూ తీసుకెళ్లాడు, ఎవరూ తలుపులు తోసుకుని రాలేదు. సెక్రటరీ గారు కూడా రాలేదు.

నెలన్నర తర్వాత ప్రొడక్షన్ మేనేజరు మా ఇంటికొచ్చాడు. "ఏంటి ఫాదర్ గారూ, వేషాలు మానేశారట? రేపు పెళ్లి సీను పెట్టుకున్నాం, ఇప్పుడెవర్ని తేవాలండీ?" అన్నాడు. గుడిలో మాటిచ్చానన్నాడు నాన్న. మేనేజరు బతిమాలాడు, కోప్పడ్డాడు, అమ్మకి చెప్పి చూశాడు. చివరికి నాన్న, "మా సంఘంలో ఒకాయన ఉన్నారు. మంచి ఎత్తు, గొంతు కూడా గంటలా ఉంటుంది. నాకంటే బాగుంటారు. అడిగి చూడండి" అన్నాడు.

నేను వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చాను. "ఎవరు? ఆయనా? నీకు మతిపోయిందా నాన్నా?" అన్నాను. ఆయన వేసుకుంటే దోషం లేదా అని అడిగాను. ఆ సాయంత్రం నాన్న పెట్టెలోంచి అంగీ తీసి, మళ్లీ ఒకసారి ఇస్త్రీ చేసి, న్యూస్‌పేపర్లో చుట్టి, సైకిలు క్యారియర్‌కి కట్టుకుని సెక్రటరీ గారింటికి వెళ్లాడు. ఈసారి ఆయనే తలుపు తీశారు. కాఫీ కూడా ఇచ్చారట. అంగీ కాస్త పొట్టయింది, అంచు విప్పి పొడుగు చేయించుకోమని చెప్పి వచ్చాడు.

ఆ తర్వాత చాలా ఏళ్లు తెలుగు సినిమాకి సెక్రటరీ గారే ఫాదరు. ఫిల్మ్ నగర్‌లో ఆటోవాళ్లు కూడా ఆయనకి దండం పెట్టేవాళ్లు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామమున అని డబ్బింగు అక్కర్లేకుండా తన గొంతుతోనే మోగించేవారు. ఆదివారం వచ్చి గుడిలో ప్రకటనలు చదివేవారు. అభ్యంతరం ఎవరికీ లేకపోయింది. నాన్న నాలుగో వరసలో కూర్చుని ఆయన చెప్పిన నంబరు పాట పుస్తకంలో తీసేవాడు. వేషం ఉన్న రోజున ఇంట్లో ఆయన కోసం ప్రార్థన కూడా.

నాన్న పోవడానికి ముందు ఏడాది, మంచం పక్కన కూర్చుని అడిగాను. "ఆ రోజు నీకు కోపం రాలేదా నాన్నా?"

"ఎందుకు రాలేదమ్మా, చాలా వచ్చింది" అన్నాడు. "జీవితంలో నాకని కోరుకుంది అదొక్కటే కదా. పెట్టె తెరిచినప్పుడల్లా అంగీ కనపడేది, కోపం వచ్చేది. అది ఇంట్లో ఉన్నన్నాళ్లూ కోపం కూడా ఇంట్లోనే ఉంటుంది. అందుకే తీసుకెళ్లి ఆయనకే ఇచ్చేశాను."

నా దగ్గర అలా ఇచ్చెయ్యడానికి ఏమీ లేదు. సెక్రటరీ గారు ఎదురుపడితే ఇప్పటికీ నేను వందనాలు చెప్పను.